రాతి మీద మాట

అనంతపురం,
ఆగస్టు 11.

బావా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం పద్ధతి. ఉభయుల్లో ఒకడిని నేను. నా గురించి రాయడానికి ఏమీ లేదు. రెండోవాడివి నువ్వు, నీ కేకల్ని బట్టి చూస్తే ఆరోగ్యం బాగానే ఉన్నట్టుంది.

ఫోను ఎందుకు ఎత్తడం లేదని మనుషుల్ని పంపి అడిగించావు. ఎత్తితే నువ్వు అరుస్తావు, నేను పెట్టేస్తాను. పోయిన నెలంతా అదే పని చేశాం. అందుకే ఉత్తరం. కాగితం మీద అరవడం కష్టం. బత్తలపల్లెకు ఇంకా పోస్టు వస్తోందని విన్నాను.

విషయం ఒక్కటే. మీ అమ్మ పక్కన, మీ చేలో తనను ఉంచమని హేమావతి అడిగింది. ఉంచాం. వచ్చే ఫిబ్రవరికి ఏడాది అవుతుంది. ఆలోగా సమాధి మీద రాయి నిలపాలని నువ్వంటున్నావు. నిలుపుదాం. కానీ రాతి మీద ఏం ఉండాలో నేను చెప్తాను. ఆమె పేరు. పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం. దేవుళ్లు, లోకాలు, పదవులు ఏవీ వద్దు. మాకు పిల్లలు లేరు. ఆ రాయి చదివేది నువ్వు, నేను, ఆ గట్టున మేసే మేకలు. మన మూడు వర్గాలకూ పేరు చాలు.

చేను నీది, చెల్లెలు నీది. కాదనను. కానీ ముప్పై ఏళ్లకు పైగా ఆమె నా భార్య. నన్ను అడగకుండా ఎవరికీ రాయి పురమాయించకు. పొద్దున్నే ఫోను చేస్తే, గంట దూరంలో ఉండి, సొంత చెల్లెలి చావుకు మధ్యాహ్నం దాటాక వచ్చినవాడివి. రాయి దగ్గర ఇంత తొందర దేనికి?

ఓబులేష్


బత్తలపల్లె,
ఆగస్టు 20.

బావ ఓబులేష్‌కు కొండప్ప రాయునది.

నీ ఉత్తరం అందింది. పోస్టుమ్యాన్ ఇచ్చి, పోకుండా నిలబడుకొని, "ఏమన్నా, కోర్టు నోటీసా?" అని అడిగినాడు. మా ఊరికి ఉత్తరం వస్తే బ్యాంకుది, లేకుంటే కోర్టుది. మా బావ రాసినాడంటే నమ్మలేదు. చదివినాక నాకూ కోర్టుదే అనిపించింది.

చివర రాసినావే, మధ్యాహ్నం దాటినాక వచ్చినానని. దానికి నేను జవాబు రాయను.

రాయి నువ్వు వద్దనకముందే తెప్పించినాను. మంచి నల్లరాయి. చెక్కేది కుళ్లాయప్ప. ఈ చుట్టుపక్కల సమాధిరాళ్లన్నీ ఆయన చేతివే. ఆయన దగ్గర మాటలు తయారుగా ఉంటాయి. నామాలవాళ్లకు వైకుంఠ ప్రాప్తి, మనకు శివైక్యం, చర్చివాళ్లకు ప్రభువునందు నిద్రించినారు. మా బావ పేరు, సంవత్సరాలు చాలంటున్నాడని చెప్తే నవ్వినాడు. "అది హద్దురాయి అవుతాదన్నా, సమాధిరాయి కాదు" అన్నాడు.

హేమ శివరాత్రికి ముందురోజు పోయింది. అందరికీ దొరికే రోజు కాదు అది. మా అమ్మ రాతి మీద శివైక్యం అని ఉంది. పక్కన కూతురి రాతి మీద ఆ మాట లేకుంటే, ఎవరో దారినపోయే మనిషిని తెచ్చి పెట్టినట్టు ఉంటుంది. ఆ ఒక్క మాట నాకు కావాల. మిగిలిందంతా నీ ఇష్టం.

వాన లేదు. శెనక్కాయ మొలిచి, మమ్మల్ని చూస్తా నిలబడుకొని ఉంది. మేం దాన్ని చూస్తా కూర్చున్నాం. గుడికి గోపురం పని అయిపోవచ్చింది. కమిటీకి నేనే అధ్యక్షుణ్ని కదా, తిరుగుడు ఎక్కువైంది. కార్తీకంలో బెంగళూరు నుంచి విశ్వగర్భ స్వామి వస్తారు. సృష్టి ఎట్లా పుట్టిందో, సైన్సు కూడా కాదనలేనట్టు చెప్తారంట. వాళ్ల కరపత్రం ఇందులో పెట్టినాను. నీకు పనికొచ్చే విషయం.

నువ్వు అన్నం తింటాండావో లేదో అడగమని మా ఇంటిది నాగలక్ష్మి పక్కన కూర్చొని చెప్తాంది.

కొండప్ప


అనంతపురం,
సెప్టెంబరు 6.

బావా,

తింటున్నానని నాగలక్ష్మక్కకు చెప్పు. ఏమి తింటున్నానని అడిగితే ఉత్తరం అందలేదని చెప్పు.

శివైక్యం గురించి. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ని. ఒకటి ఇంకోదానిలో కలిసిందంటే, ఎక్కడ కలిసింది, నీకెలా తెలిసింది అని అడగడం అలవాటు. కుళ్లాయప్పను అడుగు. ఐక్యం పూర్తయినట్టు ఆయనకు కబురు ఎవరు చెప్తారు? వైకుంఠం బండి, కైలాసం బండి ఆయన ఉలి దగ్గరే విడిపోతాయా? హేమావతి కసాపురంలో ఆంజనేయుడికి మొక్కేది. పెనుకొండ బాబయ్య దర్గాలో చక్కెర పంచేది. ఆమెను శివుడికి ఒక్కడికే రాసిచ్చేముందు మిగిలినవాళ్ల అభ్యంతరాలు కూడా కనుక్కో.

స్వామి కరపత్రం చదివాను. సృష్టికి మొదట అంతా నీరేనట. ఆ నీళ్లలో అండం తేలిందట. అయితే మన జిల్లాను ఇంకో కాంట్రాక్టరెవరో కట్టి ఉండాలి. నీ చేలో నాలుగు బోర్లు వేయించావు, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచేవాడు చూపించిన చోటల్లా. ఆదిజలం ఒక్కదానిలోనైనా తగిలిందా? నాకు గుర్తున్నంతవరకు సృష్టికి మొదట దుమ్మే వచ్చింది. తెల్లటి దుమ్ము. నాగలక్ష్మక్క ఆరేసిన బట్టల మీద పడింది.

బిగ్ బ్యాంగ్ అంటే ఓంకారమేననీ, ఆ పేలుడు శబ్దాన్ని రుషులు విన్నారనీ రాశారు. ఆ పేరు పెట్టినవాళ్లు మాకు చెడ్డ సాయం చేశారు. పేలింది ఏమీ లేదు. దగ్గరగా ఉన్నవన్నీ దూరం జరగడం మొదలైంది, అంతే. నువ్వూ నేనూ జరిగినట్టు. అది పదమూడు వందల ఎనభై కోట్ల ఏళ్ల కిందటి మాట. చెవులున్నవాడు పుట్టింది నిన్నగాక మొన్న. అంత పాత శబ్దం వినడం కంటే, బయట కుళాయి దగ్గర నుంచి హేమావతి పిలిస్తే వినడం నాకు కష్టంగా ఉండేది.

పేరు. రెండు సంవత్సరాలు. ఇంకేమీ వద్దు.

ఓబులేష్


బత్తలపల్లె,
అక్టోబరు 3.

బావకు,

నీ ఉత్తరం గుడి కమిటీలో చదివినాను. కాంట్రాక్టరు మాట దగ్గర అందరూ నవ్వినారు. వాన మాత్రం నవ్వలేదు. శెనక్కాయ చేను మేకలకు విడిచినాం. నీ పాఠకులు కడుపునిండా మేసినారు.

స్వామి చెప్పింది ఫోనులో విన్నాను. సృష్టిలో మొట్టమొదట పుట్టింది హైడ్రోజన్ అని మీ సైన్సే అంటాది కదా. నీళ్లలో ఉండేది రెండొంతులు హైడ్రోజన్, ఒక వంతు ఆక్సిజన్. మొదట అంతా నీరే అని మావాళ్లు అన్నారు. అంటే మూడింట రెండు వంతులు మేం గెలిచినాం. మీ కాలేజీలో ఆ మార్కులకు ఫస్ట్ క్లాసే కదా ఇస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. స్వామివాళ్లకు వేదిక మీద సైన్సు మనిషి ఒకడు ఉండాలంట. ప్రతి ఊర్లోనూ ఒకర్ని కూర్చోబెట్టుకుంటారంట. మా మండలంలో సైన్సు మనిషంటే పురుగుమందుల షాపు ఆయన ఒకడు. ఆయనను కూర్చోబెడితే రైతులు అప్పు తీర్చమంటాడని ముందువరసలో కూర్చోరు. అందుకని మా బావను తెస్తానని నేను కమిటీలో మాట ఇచ్చేసినాను.

నువ్వు ఒక్క వాక్యం చెప్తే చాలు. నేనే రాసి పెట్టినాను, వెనకవైపు చూడు: "సృష్టి గురించి మన పెద్దలు చెప్పిందే నేటి సైన్సూ చెబుతోంది." చెప్పి కూర్చో. నువ్వు ఆ మాట చెప్పు, హేమ రాతి మీద పేరు, సంవత్సరాలు తప్ప ఇంకొక్క అక్షరం వేయించను. అమ్మ మీద ఒట్టు.

నా పరువూ నిలబడుతుంది, నీ మాటా నిలబడుతుంది. ఆలోచించుకో.

కొండప్ప


అనంతపురం,
అక్టోబరు 12.

బావా,

ఒక వాక్యానికి ఒక రాయి. ఇన్నేళ్ల పాఠాలకు ఒక శాలువా ఇచ్చి పంపింది మా కాలేజీ. నీ బేరం మేలు. వస్తాను.

హైడ్రోజన్‌తో తడిపి ఒక పంట తీసి చూపించు, మిగిలిన మూడో వంతు మార్కులు కూడా వేస్తాను.

షరతులు రాస్తున్నాను. శాలువా వద్దు. నా పేరుకు ముందూ వెనకా ఏమీ వద్దు. స్వామి కాళ్లు కడిగేటప్పుడు నన్ను చెంబు పట్టుకోమనవద్దు.

ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడేమని నీకు అనుమానం రావచ్చు. నువ్వు రాసిచ్చిన వాక్యం అబద్ధం. శివైక్యం కూడా నాకు తెలిసినంతలో అబద్ధమే. నోటితో చెప్పిన అబద్ధం మైకు కట్టేయగానే పోతుంది. రాతి మీది అబద్ధం కింద ఆమె పడుకోవాలి. అందుకే మొదటిది ఎంచుకున్నాను.

ఓబులేష్


బత్తలపల్లె,
నవంబరు 24.

బావకు,

సభలోంచి చెప్పకుండా లేచి పోయినావు. బస్సు ఎక్కినావని సోడాబండివాడు చెప్తే తెలిసింది. ఆ పొద్దు నువ్వు చేసింది నీకు గుర్తుండదేమో, నేను రాస్తాను, చదువుకో.

ముందు ఫ్లెక్సీ సంగతి. ఆ తప్పు నాది కాదు. భౌతిక శాస్త్రవేత్త అని రాయమన్నాను. స్వామి ఫొటో పెద్దదై చోటు చాలక, అచ్చువేసేవాడు 'వేత్త' ఎగరగొట్టి, మిగిలినదాన్ని సరిచేసి 'ఓబులేష్ శాస్త్రి గారు' అని వేసినాడు. మన ఇండ్లల్లో శాస్త్రి ఎప్పుడు పుట్టినాడప్పా అని ఊరంతా నన్ను అడిగినారు. అదంతా ఓర్చుకున్నాను.

స్వామి ఎంత బాగా మాట్లాడినారు. అండం గురించి చెప్పినారు, నీరు గురించి చెప్పినారు. జనం కదలలేదు. ఆఖరుకు నీ వైపు తిరిగి, ఆ మహా విస్ఫోటనానికి ముందు ఏముండేదో సైన్సు తరఫున వీరే సెలవిస్తారు అని మైకు నీ చేతికి ఇచ్చినారు. నేను రాసిచ్చిన వాక్యానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. నువ్వు లేచినావు. జేబులో చెయ్యి పెట్టినావు. "తెలియదు" అన్నావు. కూర్చున్నావు.

వెనకనుంచి ఎవడో "ఏమన్నా, మైకు పని చేయలేదా?" అన్నాడు.

ఇంకొకడు "మైకు చేసింది, ఆయప్పే పని చేయలేదు" అన్నాడు.

తెలియదు అని చెప్పడానికి అనంతపురం నుంచి మనిషిని పిలిపించాల్నా బావా? ఆ మాట చెప్పేవాళ్లు మా ఊరినిండా ఉన్నారు. గవర్నమెంటు నీకు అన్నేళ్లు జీతమిచ్చింది ఈ ఒక్క మాట నేర్చుకోవడానికా? స్వామి పెద్దమనిషి కాబట్టి సర్దినారు. "ఆ తెలియనిదే పరబ్రహ్మం" అన్నారు. చప్పట్లు కొట్టినారు. లేకుంటే నేను గోపురం ఎక్కి దూకాల్సి వచ్చేది.

మాట తప్పింది నువ్వు. కాబట్టి నా ఒట్టు నన్ను పట్టదు. శివైక్యం చెందిన హేమావతి అని రాసి కుళ్లాయప్పకు ఇచ్చేసినాను. జనవరిలో మొదలుపెడతాడు.

కొండప్ప


అనంతపురం,
డిసెంబరు 9.

బావా,

మాట తప్పాను. నీ కాగితం జేబులోనే ఉంది. బస్సులో చదువుకుంటూ వచ్చాను. చెప్పడానికే లేచాను.

ఆ ప్రశ్న హేమావతి అడిగేది. నేను పాఠం తయారు చేసుకుంటుంటే వంటింట్లో నుంచి అడిగేది. "అదంతా సరే, దానికి ముందు ఏముండె?" కాలం కూడా అప్పుడే మొదలైంది, కాబట్టి ముందు అనే మాటకు అక్కడ అర్థం లేదు అని చెప్పేవాణ్ని. "అది జవాబు కాదు, అడగొద్దని చెప్పడం" అనేది. మరుసటి ఏడు మళ్లీ అడిగేది. మీ వేదిక మీద అదే ప్రశ్న ఇంకొకరి నోట విన్నాను. నీ వాక్యం రాలేదు. నా పాఠమూ రాలేదు. మిగిలింది చెప్పి కూర్చున్నాను.

నీ స్వామికి దానివల్ల నష్టమేమీ జరగలేదు. నా 'తెలియదు'ను కూడా తన ఖాతాలోనే వేసుకున్నాడు. ఆయనకు తెలిసినదీ బ్రహ్మమే, తెలియనిదీ బ్రహ్మమే. ఫెయిలవడానికి వీలులేని సబ్జెక్టు. అదొక్కటే చెప్పి ఉంటే మా కాలేజీ ఫలితాలు జిల్లాలో మొదట ఉండేవి.

ఇక రాయి. శివైక్యం అని చెక్కించావంటే నేను ఆ చేలో అడుగుపెట్టను. ఫిబ్రవరికీ రాను, ఆ తర్వాతా రాను. బెదిరింపు కాదు, తెలియజేస్తున్నాను.

నా దగ్గర చదువుకున్నవాడొకడు మొన్న పలకరించడానికి వచ్చాడు. మన ఒంట్లోని ప్రతి అణువూ ఒకప్పుడు నక్షత్రాల్లో తయారైందే కదా సార్, అమ్మగారు ఎక్కడికీ పోలేదు అన్నాడు. వాడికి ఆ పాఠం చెప్పింది నేనే. సరిగ్గానే అప్పజెప్పాడు. వాడు పోయాక తలుపు వేసుకుని అదే మాట అనుకుని చూశాను. పాఠం పని చేయలేదు.

ఆమె శివుడిలో లేదు. నక్షత్రాల్లో లేదు. వంటింట్లో లేదు. రాతి మీద నీకు ఒక మాట తప్పనిసరిగా కావాలంటే ఉన్న మాట చెక్కించు. లేదు. రెండే అక్షరాలు. కుళ్లాయప్పకు శ్రమ తగ్గుతుంది.

ఓబులేష్


బత్తలపల్లె,
జనవరి 4.

బావకు,

నీ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు. నాగలక్ష్మి అడిగితే స్వామిని తిట్టినాడని చెప్పినాను.

లేదు అని చెక్కించమన్నావు. అంత సులభంగా నీ నోట వచ్చే మాటే అయితే, ఆ పొద్దే వచ్చి ఉండాల.

సొంత చెల్లెలి చావుకు మధ్యాహ్నం దాటాక వచ్చినానని ఏడాదిగా అంటాండావు. జవాబు రాయనని నేను రాసినాను. ఇప్పుడు రాస్తున్నాను. ఆ పొద్దు ఫోనులో నువ్వు ఏమన్నావో నీకు గుర్తుందా? చనిపోయింది అనలేదు. పోయింది అనలేదు. హేమ పేరు కూడా ఎత్తలేదు. "బావా, నిండుకునింది. రా" అన్నావు. పెట్టేసినావు.

మన ఇండ్లల్లో నిండుకునేది ఏది? బియ్యం, నూనె, గ్యాసు. లేదంటే లేకనే పోతాదని ఆడవాళ్లు ఆ మాట అనరు, నిండుకునింది అంటారు. అప్పటికి హేమకు ఊపిరి ఆడక ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టి ఉన్నారు. నేనేమనుకోవాల? సిలిండర్ నిండుకునిందని అనుకున్నాను. మళ్లీ చేస్తే నువ్వు ఎత్తలేదు. అనంతపురంలో ఎక్కడా దొరకక నాకు చేసినాడు అనుకున్నాను.

ధర్మవరం పోయినాను. తెలిసినవాళ్ల కాళ్లూ గడ్డాలూ పట్టుకొని ఒక సిలిండర్ సంపాదించినాను. ఆటోలో అడ్డంగా ఒళ్లో పెట్టుకొని వచ్చినాను. "గుంతలు చూసుకొని పో నాయనా, నా చెల్లెలి ఊపిరి దీంట్లో ఉండాది" అని ఆటోవానికి దారిపొడుగునా చెప్తానే ఉన్నాను. మీ వీధి మొగదల దిగి, భుజాన వేసుకొని నడిచినాను. మీ ఇంటి ముందర కుర్చీలు వేసి ఉన్నాయి. మనుషులు కూర్చొని ఉన్నారు. కుర్చీలు చూసినాక కూడా నాకు అర్థం కాలేదు బావా. ఆడికి పోయి నిలబడినాక అర్థమైంది.

నువ్వు నన్ను చూసి, "ఇప్పుడా రావడం?" అన్నావు. నా భుజం మీద ఉన్నదాన్ని నువ్వు చూడలేదు. నేను దాన్ని మెట్ల పక్కన నిలబెట్టి లోపలికి వచ్చినాను. మరుసటి రోజు అద్దె సిలిండర్లవాళ్లు వచ్చి, ఖాళీవాటితో పాటు దాన్ని కూడా ఎత్తుకొని పోయినారు. అది మీది కాదు, అది నిండుగా ఉండాది అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఎందుకు దాచినావంటావు. చెప్తే, భార్య చనిపోయిందని కూడా చెప్పలేకపోయినాడు చూడండి లెక్చరరు అని నలుగురిలో నిన్ను పట్టి ఇచ్చినట్టు ఉంటుంది. నేను ఆలస్యంగా వచ్చిన అన్నగా ఉండేదే మేలనిపించింది. ఇప్పుడు నువ్వు లేదు అని చెక్కించమంటే కోపం వచ్చి రాస్తున్నాను.

శివైక్యం ఆపించినాను. కానీ లేదు అని మాత్రం నా చేలో చెక్కించను.

కొండప్ప


అనంతపురం,
జనవరి 13.

బావా,

నాకు గుర్తు లేదు. కానీ నువ్వు రాసింది నిజమే అయి ఉంటుంది. అబద్ధమైతే ఇంతకంటే బాగా రాసేవాడివి.

ఆ మాట మా ఇంట్లో ఆమెది. కొత్తలో గొడవ పెట్టుకునేవాణ్ని. బియ్యం నిండుకున్నాయి అంటే డబ్బా మూత తీసి, ఇది ఖాళీ, దీన్ని నిండటం అనరు, అయిపోయాయి అను అని చెప్పేవాణ్ని. ఫిజిక్స్ చెప్పేవాడి ఇంట్లో ఉన్నదాన్ని ఉన్నట్టు అనాలని నా పట్టుదల. ఆమె విన్నట్టు తల ఊపేది. మరుసటి నెల నూనె నిండుకునేది. ఆ మాట నా నోట ఎప్పుడూ రాలేదనే ఇంతవరకు నా నమ్మకం. నాకూ ఒక నమ్మకం ఉందన్నమాట. నీ స్వామికి చెప్పు, సంతోషిస్తాడు.

మెట్ల పక్కన సిలిండరు ఉండటం చూశాను. చచ్చినాక తెచ్చారు చూడు అని అద్దెవాళ్లను తిట్టాను. వాళ్లు ఎదురు మాట్లాడలేదు. మర్యాదస్తులు. నువ్వు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నావు. నువ్వూ మాట్లాడలేదు.

హేమావతి మాటే చెక్కించు. పైన పేరు, సంవత్సరాలు, కింద ఆ ఒక్క మాట. అందులో శివుడు లేడు, కాబట్టి నాకు అభ్యంతరం లేదు. లేదు అనడం లేదు, కాబట్టి నీకూ ఉండకూడదు. ఫిజిక్స్ ప్రకారం ఖాళీ అనుకున్న చోటు కూడా పూర్తిగా ఖాళీ కాదు, అందులో ఏదో ఒకటి కదులుతూనే ఉంటుంది. ఇది స్వామికి మాత్రం చెప్పకు. దానికీ ఒక కరపత్రం వేస్తాడు.

ఓబులేష్


బత్తలపల్లె,
జనవరి 29.

బావకు,

నాగలక్ష్మికి చెప్పినాను. వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు. వచ్చి, "ఏయించండి, అదే బాగుండాది" అనింది.

కమిటీవాళ్లు ఒప్పుకోలేదు. సమాధి మీద బియ్యండబ్బా మాట ఏమప్పా అన్నారు. నా చేను, నా రాయి, నా చెల్లెలు, మీకు గోపురం ఉంది కదా దాని మీద మీకు కావాల్సింది చెక్కించుకోండి అని వచ్చేసినాను. అధ్యక్ష పదవికి కొంచెం దెబ్బ తగిలినట్టే ఉంది.

కుళ్లాయప్పది ఇంకో బాధ. ఆయన దగ్గర ఉన్న మాటల్లో ఇది లేదంట. "రేపు ఎవరన్నా చదివి, ఈ చేను నిండిపోయింది, ఇంకొకరికి చోటు లేదు అనుకుంటారన్నా" అన్నాడు. అనుకుంటే అనుకోనీ, మంచిదే, మేకలోళ్లు దూరంగా పోతారు అన్నాను.

సరే అని రాతి మీద అక్షరాలకు గీతలు కొట్టినాడు. కొట్టినాక ఒక చోట ఆగినాడు. పుస్తకాల్లో నిండుకుంది అని ఉంటుందంట. మనం అనేది నిండుకునింది. నడమ ఉన్న 'ని' ఎక్కువంట. లెక్చరర్ ఇంటి రాయి, తప్పు పడితే చదువుకున్నవాళ్లు తనను నవ్వుతారంట. ఆ అక్షరం తీసేస్తానన్నాడు. నాకూ అదే సరి అనిపించింది. రాతి మీద పడేది ఒప్పుగా ఉండాల కదా. తెలుగు బాగా రాసేవాడివి నువ్వు. ఏది ఒప్పో చెప్పు, అంతవరకు ఉలి పట్టడు.

రోజులు దగ్గరపడినాయి. ఉత్తరమైతే ఆలస్యం. ఫోను చేయి. అరవను.

కొండప్ప


అనంతపురం,
ఫిబ్రవరి 2.

బావా,

పుస్తకాల తెలుగు ప్రకారం కుళ్లాయప్ప చెప్పిందే ఒప్పు. పరీక్ష పేపర్లో కనిపిస్తే నేనూ ఆ 'ని' మీద ఎర్రగీత కొట్టేవాణ్ని. మాదీ గార్లదిన్నె పక్క పల్లెటూరే. నా నోట్లో ఉన్న ఆ అక్షరాన్ని కాలేజీలో చేరిన కొత్తలోనే కష్టపడి తీసేసుకున్నాను. ఆమె నోట్లో నుంచి కూడా తీసేయాలని చూశాను. ఒకసారి ఎదురుగా నిలబెట్టి, నిండుకుంది అను, ఏదీ అను అన్నాను. "పప్పు నిండుకునింది" అని, సంచి నా చేతికిచ్చి అంగడికి పంపింది.

'ని' ఉండనీ. కుళ్లాయప్పకు పేరు పోతుందని భయమైతే, తప్పు ఓబులేష్ శాస్త్రిది అని రాయి వెనకవైపు చెక్కుకోమను.

మంగళవారం మొదటి బస్సుకు వస్తాను. ఆయన ఆ మాట చెక్కుతున్నంతసేపు పక్కనే కూర్చుంటాను. నాగలక్ష్మక్కకు చెప్పు, అన్నం అక్కడే తింటాను.

ఫోను చేయమన్నావు. చేతిలోకి తీసుకున్నాను. నువ్వు ఎత్తితే ఏది ఒప్పో ఆ మాట నీకు పలికి చెప్పాలి. ఫోనులో అది రెండోసారి నా వల్ల కాదు. అందుకే రాశాను.

ఓబులేష్